బిడారు బయల్దేరింది... ఇక ఆట మీదే!

ఎడారిలో ఇంకా మూడు రోజుల దారి ఉంది. తోలు సంచుల్లో నీళ్లు సగానికి పడిపోయాయి. ఎడమకు మళ్లితే బావి ఉంది కానీ దాని మీద హక్కు వేరే తెగది. నేరుగా వెళ్తే దూరం తగ్గుతుంది, ఒంటెలు అంత దూరం తట్టుకుంటాయన్న నమ్మకం లేదు. బిడారుకు పెద్ద మీరే. ఎటు నడిపిస్తారు?

సౌదీ అరేబియాలోని ఖసీమ్ ప్రాంతంలో ఒకప్పుడు ఇలాంటి ప్రశ్నలకు నిజంగానే జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. అఖీలాత్ అని పేరుబడ్డ అక్కడి వర్తకులు ఒంటెలను, గుర్రాలను తోలుకుని ఇరాక్, సిరియా, ఈజిప్టు సంతల దాకా వెళ్లేవారు. రైళ్లు, మోటారు బళ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని మింగేసేదాకా తరాల తరబడి అదే వాళ్ల జీవనం. ఆ ఖసీమ్‌లోనే, వాదీ అల్ రుమ్మా చెంత, ఖర్జూర తోటల నడుమ ఉంది ఉనైజా పట్టణం. 1878లో ఇంగ్లిష్ యాత్రికుడు చార్లెస్ డౌటీ ఇక్కడ మజిలీ చేసినప్పుడు, బొంబాయితో వర్తక సంబంధాలున్న కుటుంబాలు ఆయనకు ఎదురయ్యాయి. 1920లలో వచ్చిన లెబనాన్ రచయిత అమీన్ రీహానీ ఈ ఊరిని ‘నజ్ద్ సీమ పారిస్’ అని మెచ్చుకున్నాడు.

రాత్రి పూట ఇక్కడి మగవాళ్లు రెండు వరసలుగా ఎదురెదురుగా మోకాళ్ల మీద కూర్చుని, డప్పులు వాయిస్తూ, ఊగుతూ పాడే సామ్రీకి అరబ్బు దేశాల్లో మంచి పేరుంది. ఒక వరస పాదం అందిస్తే రెండో వరస అందుకుంటుంది. వంతు తర్వాత వంతు, ఒకరు ఆగిన చోట మరొకరు ఎత్తుకోవడం. నలుగురు మిత్రులు బల్ల చుట్టూ చేరి, తలా ఒక పాత్ర పట్టుకుని, పాచికలు వేస్తూ కథ నడుపుకునే రోల్‌ప్లే ఆటలకు కూడా ప్రాణం ఇదే.

ఆట తయారుచేయడం, కథ రాయడం, పాత్రలోకి దూరి మాట్లాడటం. ఈ మూడింటినీ మూడు వేర్వేరు సరదాలుగా లెక్కేయడం మనకు అలవాటైపోయింది. కంప్యూటర్ ఆటల తొలి రోజుల్లోకి తొంగిచూస్తే మాత్రం ఆ గోడలు కనిపించవు. విల్ క్రౌథర్ సంగతే తీసుకోండి. ఇంటర్నెట్‌కు మూలమైన అర్పానెట్ కోసం ప్రోగ్రాములు రాసిన అమెరికన్ ఆయన. సెలవు దొరికితే కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లోకి దిగి, దారులు కొలిచి పటాలు గీసేవాడు. 1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను స్నేహితులతో ఆడేవాడు, అందులో ఆయనది దొంగ పాత్ర. విడాకుల తర్వాత, దూరమైన కూతుళ్లను అలరించాలని 1975-76లో ఒక ఆట రాశాడు. బొమ్మలు లేవు, శబ్దాలు లేవు, అన్నీ అక్షరాలే. తెరపై గుహ వర్ణన వస్తుంది, ఏం చేయాలో ఆడేవాళ్లు టైపు చేయాలి. 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచి విస్తరించాడు. ‘కొలాసల్ కేవ్ అడ్వెంచర్’ పేరుతో నిలిచిన ఆ ఆట నుంచే సాహస క్రీడల శాఖ మొత్తం పుట్టింది.

గుహల మీద మోజు, పాత్రధారణ మీద ప్రేమ, పిల్లల కోసం రాయాలన్న తపన. ఆయన్ను కూర్చోబెట్టి రాయించింది ఇవే. కంపెనీ లేదు, జీతం లేదు, గడువు లేదు.

అరబ్బు పిల్లలకు కంప్యూటర్ ఆటల తలుపు తెరిచినవాడు మరో కథకుడే కావడం గమనించాల్సిన విషయం. కువైట్‌కు చెందిన ముహమ్మద్ అల్ షారిఖ్ ఆర్థికశాస్త్రం చదివాడు, కథలు రాశాడు. 1982లో అల్ ఆలమియా సంస్థ పెట్టి, ‘సఖ్ర్’ పేరుతో అరబ్బీ మాట్లాడే కంప్యూటర్లను ఇళ్లకు చేర్చాడు. గల్ఫ్‌లో 1980లలో పెరిగిన ఒక తరం పిల్లలు వాటి మీద ఆటలాడారు. అంతటితో ఆగకుండా తమ అక్షరాలతోనే బేసిక్ ప్రోగ్రాములు రాశారు. 2024 మార్చిలో అల్ షారిఖ్ చనిపోయినప్పుడు, నడివయసుకు వచ్చిన ఆ పిల్లలే ఆయన్ను తలుచుకుని కంటతడి పెట్టుకున్నారు.

సౌదీలో ఆటల దారి సాఫీగా సాగలేదు. 2001లో అక్కడ పోకెమాన్‌ను నిషేధించారు. 2018లో, ఒక ఆన్‌లైన్ ఆటకు ముడిపెట్టిన ఇద్దరు పిల్లల మరణాల తర్వాత 47 ఆటలపై వేటు పడింది. మధ్యలో, 2017 ఫిబ్రవరిలో, జెద్దాలో తొలి కామిక్ కాన్ జరిగింది. తమకిష్టమైన పాత్రల వేషాలు కట్టుకుని కుర్రకారు బహిరంగంగా తిరిగారు. 2022 సెప్టెంబరులో ఏకంగా జాతీయ గేమింగ్ విధానమే వచ్చింది: 2030 నాటికి 39 వేల ఉద్యోగాలు, దేశ ఆదాయానికి 50 బిలియన్ రియాళ్లు. 2025లో ప్రభుత్వ పెట్టుబడి నిధికి చెందిన స్కోప్లీ సంస్థ 350 కోట్ల డాలర్లకు నయాంటిక్ ఆటల వ్యాపారాన్ని కొనేయడంతో పోకెమాన్ గో సౌదీ సొత్తయింది.

ఇంత డబ్బు ఉంటే ఆటల కళ దానంతటదే వికసిస్తుందని అనుకోలేం. రియాద్‌లోని సెమఫోర్ స్టూడియో 2013లోనే మధ్యయుగపు యాత్రికుడు ఇబ్న్ బతూతా ప్రయాణాల దారి పట్టి ‘అన్‌ఎర్త్‌డ్’ అనే సాహస క్రీడ తెచ్చింది. హాలీవుడ్ ఫక్కీ తుపాకులు, ఛేజింగులతో నింపిన ఆ ఆటను విమర్శకులు గట్టిగానే దులిపేశారు. అయినా ఆ ప్రయత్నానికి విలువుంది: అరబ్బు ప్రపంచపు యాత్రికుడి పేరు మీద అరబ్బులే ఆట చేశారు. అక్కడి నుంచి ఇంకొంచెం ఇంటివైపు నడిస్తే అఖీలాత్ బిడారు ఎదురవుతుంది. బావి దగ్గర బేరం, అప్పు పత్రం, మాట తప్పిన దారిచూపరి, డమాస్కస్ సంతలో పడిపోయిన ఒంటె ధర. ఒక్క తుపాకీ పేలకుండా ఉత్కంఠగా సాగే ఆటకు కావాల్సిన సరుకంతా ఇందులో ఉంది. పెద్ద స్టూడియోలు అలాంటి చిన్న కథ జోలికి తొందరగా వెళ్లవు. వెళ్లగలిగేది శుక్రవారం సెలవు పూట ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునే ఔత్సాహికుడే.

ఒక్కడి వల్ల ఏమవుతుందంటారా? అమెరికాలో ఎరిక్ బరోన్ రాత్రిళ్లు థియేటర్లో ప్రేక్షకులకు సీట్లు చూపించే పని చేస్తూ, నాలుగేళ్లకు పైగా ఒంటరిగా శ్రమించి ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ తయారుచేశాడు. కోడ్, బొమ్మలు, సంగీతం, సంభాషణలు అన్నీ అతనివే. 2016లో విడుదలైన ఆ పల్లె సేద్యపు ఆట కోట్ల ప్రతులు అమ్ముడైంది.

అరబ్బీలో ఆట చేయాలనుకున్నవాళ్లకు ఏళ్ల తరబడి ఒక అడ్డంకి ఉండేది, అది మన అడ్డంకి కూడా. అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, అక్షరాలు ఒకదానికొకటి అల్లుకుంటాయి. తెలుగులో గుణింతాలు, వత్తులు హల్లుతో కలిసి రూపం మార్చుకుంటాయి. ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన ఆటల ఇంజిన్లలో రెండూ ముక్కలుముక్కలై కనిపించేవి. సొంత భాషలో రాసుకున్న సంభాషణ తెరమీద విరిగిపోయి కనిపిస్తే రాసినవాడి మనసు ఎంత చివుక్కుమంటుందో ఊహించవచ్చు. 2023 మార్చిలో వచ్చిన గోడాట్ 4.0 ఈ రెండు తరహాల లిపులనూ సరిగ్గా కూర్చగలుగుతోంది. అది ఉచితం, ఓపెన్ సోర్స్. మలుపులు తిరిగే కథ రాయడమే ముఖ్యమనుకునేవాళ్లకు క్రిస్ క్లిమాస్ 2009లో రూపొందించిన ట్వైన్ ఉంది. అదీ ఉచితమే, బ్రౌజర్లోనే పనిచేస్తుంది, కోడ్ రాకపోయినా మొదలుపెట్టొచ్చు.

ఇక సరుకంటారా, మనకు కొదవే లేదు. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీ మజిలీ కథలు’లో మణిసిద్ధుడు మజిలీకో కథ చెబుతూ గోపుణ్ని కాశీకి నడిపించాడు. చందమామలో బేతాళుడు ప్రతి నెలా విక్రమార్కుడిని ఒక చిక్కుప్రశ్నతో నిలదీసేవాడు. అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఒకదాని వెంట ఒకటిగా రాసిన జానపద సీరియళ్లలో మాంత్రికులు, పాడుబడ్డ గుళ్లు, వింత మృగాలు నిండి ఉంటాయి. పాత్రధారణకైతే పగటివేషగాళ్లకు మించిన గురువులెవరు? వేదిక లేకుండా, ఊరి వీధిలోనే, ఇంటి గడపలో నిలబడి, ఎదుటివాళ్ల మాటకు వేషంలోంచే జవాబిస్తూ కథ నడిపిన కళాకారులు వాళ్లు. రోజుకో వేషం కట్టి, చివరి రోజున సంభావన అడిగేవారు.

హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ అనే చిన్న స్టూడియో 2017లో మన పురాణాల ఛాయలతో ‘అసుర’ తెచ్చింది. కెనడాలో స్థిరపడ్డ తమిళ కుటుంబపు వంటింటిని ఆటగా మలచిన ‘వెన్బా’కు 2024లో బాఫ్తా అవార్డు దక్కింది. అమ్మ చేతిరాతలో చెరిగిపోయిన వంటల పుస్తకాన్ని సరిచేసుకుంటూ వండటమే అందులో ఆట. ఖసీమ్ నుంచి కాలిఫోర్నియా దాకా మనవాళ్లున్నారు. ఎడారి నుంచి వచ్చే ఫోన్ కోసం ఎదురుచూసే ఇల్లు, కరీంనగర్‌లోనో కడపలోనో ఆ ఇంటి పెద్దకొడుకు చేతికందిన అప్పుపత్రం... ఇవి ఆటలుగా రావాలి. మనకు తెలిసిన కష్టం, తెలిసిన భాషలో.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ శుక్రవారం ఓ గంట కేటాయించి ట్వైన్ తెరవండి. మీరు దాటిన ఒక దారిని పది వాక్యాల్లో తెలుగులో రాయండి, చివర్లో ఆడేవాళ్లకు రెండు దారులు చూపించండి. పక్క గదిలోని స్నేహితుడి చేత ఆడించండి. అతను ఎటు మళ్లాడో చూశాక రెండో మజిలీ రాయండి.