గొంతు నొప్పి: ఊరట నిచ్చే ఆహార పానీయాలు

ఋతువులు మారే దినాలలో గొంతు నొప్పి సోకని ఇల్లు మన దేశంలో అరుదు. మింగబోతే ముల్లు గుచ్చుకొన్నట్లుంటుంది; ఆకలి ఉన్నా అన్నం సహించదు. ఈ బాధ చాలావరకు వైరస్‌ల వల్ల కలిగేదే. వాటిపై యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. సాధారణంగా వారం రోజులలో శరీరమే వాటిని జయిస్తుంది. అంతవరకు రోగి నీరూ ఆహారమూ మానకుండా చూడటమే ఇంటివారు చేయవలసిన పని. అందుకు ఏమి ఇవ్వాలన్న ప్రశ్నకు ప్రతి ప్రాంతమూ తనకు అందుబాటులో ఉన్న వస్తువులతోనే సమాధానం చెప్పుకొన్నది.

తెలుగువారి ఇండ్లలో పసుపు, మిరియాల పొడి వేసి కాచిన పాలు, శొంఠి కషాయం, బుగ్గన పెట్టుకొనే కరక్కాయ ముక్క చిరపరిచితాలు. తమిళులు శొంఠి, ధనియాలు కలిపి ‘సుక్కు మల్లి కాపి’ కాస్తారు. కేరళీయుల ‘చుక్కు కాప్పి’లో శొంఠితో పాటు మిరియాలు, తులసి ఆకు, తాటిబెల్లం చేరుతాయి. సముద్రం దాటి శ్రీలంకకు వెళ్ళినా జలుబు చేసినవారికి ధనియాలు, అల్లం కాచిన ‘కొత్తమల్లి’నే ఇస్తారు. బెంగాలీలు తాటి కలకండను నోట పెట్టుకొని చప్పరిస్తారు. కాశ్మీరులో కుంకుమపువ్వు, దాల్చినచెక్క, ఏలకులు వేసిన కహ్వా త్రాగుతారు. లడఖ్ చలిలో వెన్న, ఉప్పు కలిపిన తేనీరే గొంతును తడుపుతుంది.

పేర్లు వేరైనా వీటి పని ఇంచుమించు ఒక్కటే. వెచ్చని ద్రవం ఎండిన పొరను తడుపుతుంది. తీపి లాలాజలాన్ని ఊరిస్తుంది. చిక్కని పదార్థం పుండైన చోట పలుచని పూతగా నిలిచి రాపిడిని తగ్గిస్తుంది. ఈ మూడవ గుణాన్ని యునానీ హకీములు బాగా గుర్తించారు. వారి జోషాందాలో అతిమధురంతో పాటు రేగుజాతి ఎండుపండు ఉన్నాబ్, మన పల్లెలలో బంక నక్కెర అని పిలిచే చెట్టుకు దగ్గరి జాతి పండు సపిస్తాన్ ఉంటాయి. ఆ జిగురే అందులోని ఔషధం. అయితే రక్తపోటు ఉన్నవారు అతిమధురాన్ని దినాల తరబడి వాడరాదు. అది రక్తపోటును పెంచుతుంది.

మిరియాల విషయంలో మాత్రం మన అలవాటును కొంత సవరించుకోవాలి. ముక్కు దిబ్బడ వేసినప్పుడు మిరియాల చారు హాయినిస్తుంది; కాని గొంతు పుండై మండుతున్నప్పుడు ఆ ఘాటు మంటను ఇనుమడింప జేస్తుంది. అప్పుడు తగినవి గంజి, రాగి జావ, మెత్తగా ఉడికించిన పెసరపప్పు అన్నం. జంతికలు, అప్పడాలు, పులుపు, పచ్చళ్ళు నాలుగు రోజులు దూరంగా ఉంచడమే మేలు. ‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత ఇక్కడ చెల్లదు. జ్వరంతో ఉన్న పిల్లలకు ఉపవాసం నీరసాన్నే పెంచుతుంది. పాలు కఫాన్ని పుట్టిస్తాయన్న భయానికీ ఆధారం లేదు. చల్లని పదార్థాలు హానికరమనీ అనలేము. టాన్సిళ్ళ శస్త్రచికిత్స జరిగిన పిల్లలకు చల్లని పానీయాలు, ఐస్‌క్రీమ్ ఇవ్వడం సర్వసాధారణం. నిజానికి జాగ్రత్త పడవలసినది పొగలు కక్కే వేడి విషయంలో. 65 డిగ్రీల సెల్సియస్ మించిన పానీయాలు అన్నవాహికలో క్యాన్సరుకు బహుశా కారణమవుతాయని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో ప్రకటించింది.

గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అర చెంచా ఉప్పు కలిపి పుక్కిలించడం పెద్దలకు మంచిది. తేనె చప్పరించినా ఊరటే. కాని ఏడాది నిండని శిశువుకు తేనె నాకించరాదు. అందులో ఉండగల బొట్యులిజం బీజాలు పసికందుకు ప్రాణాపాయం కలిగించవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో ప్రచురించిన పత్రం సైతం చిన్నపిల్లల దగ్గు జలుబులకు గొంతును మెత్తబరచే నిరపాయకరమైన ఇంటి పానీయాలను సమర్థించింది.

అయితే ఊరట వేరు, చికిత్స వేరు. కొన్ని గొంతు నొప్పులకు స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా మూలం. ఇది ముఖ్యంగా 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలను పట్టుకొంటుంది. చిక్కు ఏమిటంటే ఈ నొప్పి కూడా కొద్ది దినాలలో తనంత తానే తగ్గుతుంది. కషాయమే నయం చేసిందని ఇంట్లో సంతోషిస్తారు. రెండు మూడు వారాల తరువాత కొందరు పిల్లలకు కీళ్ళు వాచి రుమాటిక్ జ్వరం వస్తుంది. అది గుండె కవాటాలను శాశ్వతంగా చెడగొట్టవచ్చు. గొంతు నొప్పి మొదలైన 9 రోజులలోగా పెన్సిలిన్ చికిత్స ఆరంభిస్తే ఈ ముప్పును దాదాపుగా నివారించవచ్చు. హఠాత్తుగా జ్వరం రావడం, దగ్గు జలుబు లేకపోవడం, మెడ క్రింద బిళ్ళలు కట్టి నొప్పి పెట్టడం, టాన్సిళ్ళపై తెల్లని చీము కనిపించడం దీని గుర్తులు. ఇవి కనిపిస్తే పిల్లవానికి జావ పట్టిస్తూనే వైద్యునికి చూపించాలి. ఉమ్మి సైతం మింగలేకపోయినా, ఊపిరి కష్టమైనా, గొంతులో బూడిదరంగు పొర కట్టినా ఇంటివైద్యంతో ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. ఆ పొర కంఠసర్పి అనబడే డిఫ్తీరియా కావచ్చు.