ఇంటి కప్పు – మిల్లీమీటరు లెక్క

"ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అను సామెత మన సోదరీమణు లెఱుగనిది కాదు. పెండ్లిలో కొలత తప్పినచో నొక పంక్తికి కూర చాలకపోవును; అంతియే. ఇంటిపనిలో కొలత తప్పినచో కప్పే బలహీనమగును. నేడు ఇంజనీరు గీసిన పటములో మిల్లీమీటరులు, మేస్త్రి నోట అడుగులు నంగుళములు, ఇనుప దుకాణములో సూతులు వాడుకలో నున్నవి. ఈ మూడు భాషలను కొంచెమైనను తెలిసికొనుట గృహిణికి మిక్కిలి యవసరము.

కొలమానములు మాఱుట మనకు క్రొత్త గాదు. ఎనిమిది యవల వెడల్పు అంగుళమనియు, ఇరువదినాలుగంగుళములు హస్తమనియు, నాలుగు హస్తములు దండమనియు భాస్కరాచార్యుడు లీలావతియందు చెప్పెను. పిదప ఆంగ్లేయుల అడుగును, పౌనును వచ్చినవి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1956లో తూనికల కొలతల చట్టము చేయబడెను. 1957 ఏప్రిల్ 1వ తేదీన నయాపైసలును, 1958 అక్టోబరు నుండి క్రమక్రమముగా కిలోగ్రాములును మన యిండ్లలో ప్రవేశించినవి.

నాణెమును మార్చుట కొంత సులభమే. మేడలను, వంతెనలను కట్టు శాస్త్రమును మార్చుట కష్టము. అంతకుముందు ఇంజనీరులు చదరపుటంగుళమునకు ఇన్ని పౌనులని బలమును లెక్కించెడివారు. ఉక్కు కట్టడముల నియమావళియగు ఐ.ఎస్. 800 1962లోను, కాంక్రీటు నియమావళియగు ఐ.ఎస్. 456 1964లోను మెట్రిక్ కొలతలలోనికి వచ్చినవి. చదరపు సెంటీమీటరునకు 200 కిలోగ్రాముల బరువు నోర్చు కాంక్రీటునకు "ఎం 200" అని పేరిడిరి. 1978లో నియమావళిని మరల సవరించి, బలమును న్యూటనులలో చెప్పసాగిరి. ఒక కిలోగ్రాము బరువు సుమారు 9.81 న్యూటనుల బలమునకు సమానము. కావున పాత "ఎం 200" స్థానమున చదరపు మిల్లీమీటరునకు 20 న్యూటనుల "ఎం 20" వచ్చినది. పేరులో నొక సున్న పోయినదే గాని కాంక్రీటు బలము తగ్గలేదు.

ఈ పద్ధతియందలి సౌలభ్యమును ఇటుకయందు చూడవచ్చును. ప్రమాణమైన క్రొత్త ఇటుక 19 సెంటీమీటరుల పొడవును, 9 వెడల్పును, 9 ఎత్తును గలది. సున్నము గాని సిమెంటు గాని చేరినపుడు అది 20, 10, 10 అగును. కనుక ఘనమీటరు గోడకు సరిగా 500 ఇటుకలు. చిన్నపిల్లలును చేయదగిన లెక్క! అయినను పెక్కు బట్టీలలో నేటికిని తొమ్మిదంగుళముల ఇటుకయే కాలుచున్నది.

అసలు చిక్కు ఇనుప చువ్వలయందు గలదు. సూతనగా నూలుపోగు; అంగుళములో నెనిమిదవ వంతు. నాలుగు సూతుల చువ్వ 12.7 మిల్లీమీటరులది. దాని స్థానమున వచ్చినది 12 మిల్లీమీటరుల చువ్వ. భేదము స్వల్పముగా తోచును గాని, బలము అడ్డుకోత వైశాల్యమును బట్టి యుండును గావున, ఒకటికి ఒకటి చొప్పున వేసినచో ఇనుము పదవ వంతునకు పైగా తగ్గును. పూర్వపు లెక్కను క్రొత్త చువ్వలతో నెఱవేర్చినపుడు ఈ లోటు కనబడదు. కప్పు మాత్రము దానిని మోయవలెను.

ఇటీవల మా బంధువుల యింట కప్పునకు 10 మిల్లీమీటరుల చువ్వలు కావలసి యుండెను. బండిలో వచ్చినవి సన్నముగా కనబడగా ఆ యిల్లాలు మేస్త్రి నడిగినది. "ఇవి కూడా మూడు సూతుల కిందికే వస్తాయమ్మగారూ" అని యాతడు బదులు చెప్పెను. ఆమె వాదింపక, 12 మీటరుల చువ్వ నొకదానిని తూయించినది. ఏడుంబావు కిలోలకు పైబడి తూగవలసినది నాలుగుముప్పాతిక కిలోలే తూగినది. అవి 8 మిల్లీమీటరుల చువ్వలు! వానినే వేసియుండినచో కప్పులో నినుము మూడవ వంతునకు మించి తగ్గెడిది. బండి వెనుకకు మరలినది.

ఆమె యుపయోగించిన సూత్రము మనమందఱమును వంటయింటి గోడపై వ్రాసికొన దగినది. చువ్వ మందమును మిల్లీమీటరులలో తీసికొని, దానిని దానితోనే గుణించి, 162తో భాగించిన యెడల మీటరునకు ఎన్ని కిలోలో వచ్చును. పదిని పదితో గుణించిన నూఱు. 162తో భాగించిన సుమారు 0.617. పండ్రెండు మీటరులకు 7.4 కిలోలు. తూకములో స్వల్పమైన హెచ్చుతగ్గులు సహజము. ఇంత లోటు సహజము గాదు.

కావున సోదరీమణులారా! ఇల్లు కట్టునపుడు పటములోని అంకెలను మేస్త్రిచేత పైకి చదివించుడు. కొలనాడా యందు ఒక వైపు అంగుళములు, ఒక వైపు సెంటీమీటరులు నుండును. పటమే వైపున నున్నదో ఆ వైపుననే కొలిపించుడు. చువ్వలను సూతులలో గాక మిల్లీమీటరులలో అడుగుడు; చీటీపై నట్లే వ్రాయించుకొనుడు. బియ్యమును తూచి తీసికొను మనము, పిల్లల తలలపై నుండు కప్పునకు వలసిన ఇనుమును తూచక తీసికొన నేల?