మూడు గ్రాముల ఉంగరం బరువెంత?

విశాఖ రేవులో ఓడ దిగి, పడకలూ పొయ్యీ అమర్చిన అద్దె క్యారవాన్‌లో రాయలసీమకు బయలుదేరాం. అండమాన్‌లో పుట్టి పెరిగిన మా పాపకు బంగారు గని చూడాలని కోరిక. గుత్తి దాటాక కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో జొన్నగిరి వస్తుంది. తొలకరి పడగానే చేలల్లో వజ్రాల కోసం జనం వెతుక్కునే ఊరు ఇదే. స్వతంత్ర భారతంలో ప్రైవేటు రంగం చేపట్టిన తొలి పెద్ద బంగారు గని కూడా ఇక్కడిదే. తవ్విపోసిన రాళ్ల గుట్టలను దూరం నుంచి చూసి పాప అడిగింది: "నాన్నా, ఇందులో బంగారం ఏదీ?"

కంటికి కనబడదు. ఓపెన్‌కాస్ట్ గనుల్లో టన్ను ఖనిజానికి ఒకటి రెండు గ్రాముల బంగారమే దొరకడం మామూలు. బంగారం సాంద్రత నీటికి 19 రెట్లు. కాబట్టి గ్రాము బంగారమంటే కందిగింజంత. టన్నుకు గ్రాము చొప్పున లెక్కేస్తే, మూడు గ్రాముల ఉంగరానికి మూడు టన్నుల రాయి కావాలి. అంటే ఇంచుమించు మా క్యారవాన్ అంత బరువు. పైనున్న పనికిరాని రాయిని తొలగించడం దీనికి అదనం.

కోనేటి మెట్లు ఎందుకు?

గని గోడలను నిలువుగా తవ్వితే కూలిపోతాయి. అందుకే కోనేటి మెట్లలా అంచెలంచెలుగా తవ్వుతారు. గొయ్యి గరాటు ఆకారంలో ఉందనుకోండి. లోతు రెట్టింపు కావాలంటే పైన వెడల్పూ అన్ని వైపులా రెట్టింపు కావాలి. అప్పుడు తవ్వాల్సిన రాయి ఎనిమిది రెట్లవుతుంది. ఎక్కడో ఒకచోట ఖర్చు రాబడిని మించిపోతుంది. బంగారం ధర పెరిగితే ఆ హద్దు ఇంకాస్త కిందికి జరుగుతుంది.

క్యారవాన్ యాత్రికులు ఆగి చూసే ఆస్ట్రేలియాలోని కల్గూర్లీ 'సూపర్ పిట్' సుమారు మూడున్నర కిలోమీటర్ల పొడవు, ఒకటిన్నర కిలోమీటర్ల వెడల్పు, 600 మీటర్లకు పైగా లోతు ఉంటుంది. కోలార్‌లో మాత్రం సన్నని, బంగారం దండిగా ఉన్న పొరల వెంట సొరంగాలతోనే మూడు కిలోమీటర్లకు పైగా దిగారు.

మిగిలేది ఏమిటి?

ఖనిజాన్ని పిండిచేసి, సున్నంతో క్షారగుణం నిలిపిన పలుచని సైనైడ్ ద్రావణంలో కలుపుతారు. గాలిలోని ఆక్సిజన్ సాయంతో బంగారం కరుగుతుంది. దాన్ని కార్బన్ రేణువులు పట్టుకుంటాయి. క్షారగుణం తగ్గితే విషవాయువు వెలువడుతుంది. అందుకే ఆ కొలతపై నిరంతరం నిఘా ఉండాలి. బంగారం తీసేశాక మిగిలే బురద నేలలోకి ఇంకకుండా అడుగున పొర పరచిన చెరువుల్లో నిలవ ఉంచాలి.

కోలార్ గనులు 2001లో మూతపడ్డాయి. 800 టన్నులకు పైగా బంగారం వెళ్లిపోయింది. 'సైనైడ్ దిబ్బలు' మాత్రం ఊరి పక్కనే ఉండిపోయాయి. ఎండాకాలం గాలికి ఆ దుమ్ము ఇళ్లలోకి వచ్చేది. గని మూతపడే రోజు గురించి మొదటి రోజే ఆలోచించాలని కోలార్ నేర్పింది. జొన్నగిరికి ఆ అవకాశం ఇంకా ఉంది.

జొన్నగిరి దగ్గరి ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి. మరో శాసనంలో కనిపించే సువర్ణగిరి ఈ జొన్నగిరేనని కొందరు పండితుల అభిప్రాయం. ఈ నేలలో పూర్వకాలపు తవ్వకాల ఆనవాళ్లే ఆధునిక అన్వేషకులకు దారి చూపాయి. గొయ్యి అంత తేలిగ్గా చెరిగిపోదని దాని అర్థం.

తిరుగు ప్రయాణంలో ఓడపై నుంచి సముద్రాన్ని చూస్తుంటే ఆ మాటే మెదిలింది. 2024 నవంబర్‌లో కేంద్ర గనుల శాఖ వేలానికి పెట్టిన 13 సాగరగర్భ ఖనిజ బ్లాకుల్లో ఏడు గ్రేట్ నికోబార్ సమీపంలోవే. అక్కడ ఆశిస్తున్నది నికెల్, కోబాల్ట్ వంటి లోహాలున్న ముద్దలు, పొరలు. జొన్నగిరి గుట్టలను మా పాప వేలెత్తి చూపి ప్రశ్న అడగగలిగింది. నీటి అడుగున ఏం మిగులుతుందో చూసి అడిగేవాళ్లు ఎవరుంటారు? తవ్వకానికి ముందే కొలతలు తీసి ప్రజల ముందుంచితేనే ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది.