రేకు పిల్లనగ్రోవి: ధర పెరిగితే నాదం పెరుగుతుందా?

1997లో వచ్చిన 'టైటానిక్' సినిమా చూసినవారికి, అందులోని పాట మొదట్లో సన్నగా ఈల వేసినట్టు వినిపించే వాద్యం గుర్తుండే ఉంటుంది. దాని పేరు టిన్ విజిల్. మన మాటల్లో చెప్పాలంటే రేకు పిల్లనగ్రోవి. ఐర్లండు జానపద సంగీతంలో దీనిది ప్రత్యేక స్థానం. నోట్లో పెట్టుకుని ఊదే ఒక మూతి, దానికి తగిలించిన సన్నని గొట్టం, గొట్టం మీద ఆరు రంధ్రాలు. అంతే. మీటలు లేవు, రీడు లేదు.

డబ్లిన్‌లో ఏ వాద్యాల దుకాణానికి వెళ్లినా ఇది పది పదిహేను యూరోలకు దొరుకుతుంది. అదే పొడవు, అదే శ్రుతి, అవే ఆరు రంధ్రాలు ఉన్న మరో విజిల్ ధర రెండు వందల యూరోలు దాటి ఉంటుంది. నాదంలో కూడా తేడా అన్ని రెట్లు ఉంటుందా? ఆ అదనపు డబ్బు దేనికి పోతోంది? కొత్తగా నేర్చుకునేవారు ఏది కొనాలి?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. చాలా ఏళ్ల కిందట నేనూ ఒక చవక విజిల్ తెప్పించుకున్నాను. కింది స్వరాలు ఫరవాలేదు గానీ, పై స్థాయికి వెళ్లేసరికి అది కీచుమనేది. నెల రోజులు పట్టుదలగా సాధన చేశాను. ఇంట్లోవాళ్లు ఓర్చుకున్నంతకాలం ఓర్చుకున్నారు. చివరికి 'సంగీతం నాకు రాసిపెట్టి లేదు' అనుకుని దాన్ని సొరుగులో పడేశాను. రెండేళ్ల తర్వాత వేణువు నేర్చుకున్న ఒక మిత్రుడు ఇంటికి వచ్చి సరదాగా దాన్ని ఊదాడు. అతని నోట్లోనూ అది అలాగే కీచుమంది. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే, గాలి వెళ్లే సందులో వెంట్రుక వంటి ప్లాస్టిక్ పీచు ఒకటి అడ్డంగా కనిపించింది. తప్పు నాది కాదు, విజిల్‌ది. రెండేళ్లపాటు ఆ తప్పును నా మీద వేసుకున్నాను!

గాలి పాడే తీరు

విజిల్ మూతిలో సన్నని గాలిదారి ఒకటి ఉంటుంది. దాని ఎత్తు సుమారు ఒక మిల్లీమీటరు. మనం ఊదిన గాలి అందులోంచి పలచని పొరలా బయటికి వచ్చి, చిన్న కిటికీని దాటి, ఎదురుగా ఉన్న పదునైన అంచును తాకుతుంది. ఆ గాలి పొర నిలకడగా ఉండలేదు. ఒకసారి అంచు పైకి, మరోసారి అంచు కిందుగా గొట్టంలోకి ఊగుతుంది. ఊయలను సరైన క్షణంలో తోస్తే అది మరింత ఎత్తుకు ఊగినట్టే, గాలి పొర ఊపు గొట్టంలోని వాయుస్తంభపు సహజ కంపనంతో కలిసినప్పుడు అనునాదం ఏర్పడి గట్టి స్వరం పుడుతుంది.

మామూలు 'డి' విజిల్‌లో రంధ్రాలన్నీ మూసి ఊదితే వచ్చే స్వరం పౌనఃపున్యం సుమారు 587 హెర్ట్జ్. అంటే ఆ గాలి పొర సెకనుకు 587 సార్లు ఊగుతోందన్నమాట. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లు. దాన్ని 587తో భాగిస్తే తరంగదైర్ఘ్యం 58 సెంటీమీటర్లు వస్తుంది. రెండు వైపులా తెరిచి ఉన్న గొట్టంలో అందులో సగం, అంటే 29 సెంటీమీటర్లు పట్టాలి. నిజానికి విజిల్‌లో కిటికీ అంచు నుంచి చివరి దాకా పొడవు ఇంతకంటే రెండు మూడు సెంటీమీటర్లు తక్కువే ఉంటుంది. ఎందుకంటే కంపించే గాలి గొట్టం చివరనే ఆగిపోదు, కాస్త బయటికీ సాగుతుంది.

కింది నుంచి ఒక్కో రంధ్రం తెరిచినకొద్దీ కంపించే గాలి పొడవు తగ్గి స్వరం పెరుగుతుంది. ఇలా వచ్చే ఏడు స్వరాలు మన ధీరశంకరాభరణం స్వరాలే. వేళ్లు అలాగే ఉంచి కాస్త బలంగా ఊదితే గాలి పొర వేగం పెరిగి, పౌనఃపున్యం రెట్టింపై, తారస్థాయి పలుకుతుంది. నా విజిల్ కీచుమన్నది ఇక్కడే. గాలి పొర నునుపుగా లేకపోతే, అది ఏ స్థాయిలో ఊగాలో తేల్చుకోలేక రెండింటి మధ్య తడబడుతుంది.

పెన్నీకి వచ్చిన పేరు

ఈ వాద్యం పుట్టిందే పేదవాడి వాద్యంగా. ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతానికి చెందిన రాబర్ట్ క్లార్క్ అనే వ్యవసాయ కూలీ 1843లో తగరం పూసిన రేకును చుట్టి, మూతిలో కొయ్య దిమ్మె బిగించి విజిళ్లు చేయడం మొదలుపెట్టాడని చెబుతారు. తర్వాత అతను మాంచెస్టరుకు చేరి వ్యాపారం పెంచాడు. చవకగా దొరికేది కనుక దీనికి 'పెన్నీ విజిల్' అనే పేరు స్థిరపడింది. తర్వాతి కాలంలో ఇత్తడి గొట్టానికి ప్లాస్టిక్ మూతి తగిలించిన రకాలు వచ్చాయి. ఇప్పటికీ ఎక్కువగా అమ్ముడయ్యేవి ఇవే. ఐర్లండులో పేరుమోసిన కళాకారులు మీహో రసెల్, మేరీ బెర్గిన్ వంటివారు తమ సంగీతాన్ని వినిపించింది ఎక్కువగా ఇలాంటి మామూలు విజిళ్ల మీదే.

చేతిపనితో తయారయ్యే ఖరీదైన విజిళ్ల కథలో మన దేశానికీ ఒక చిన్న పాత్ర ఉంది. ఐరిష్ కళాకారుడు ఫిన్బార్ ఫ్యూరీ దగ్గర భారతదేశపు వెదురు పిల్లనగ్రోవి ఒకటి ఉండేది. కచేరీల ప్రయాణంలో అది పాడైపోయింది. దాన్ని బాగుచేయబోయిన బెర్నార్డ్ ఓవర్టన్ అనే ఇంగ్లీషు పనివాడు, చివరికి 1971లో అల్యూమినియంతో ఒక పెద్ద విజిల్ తయారుచేశాడు. నేటి 'లో విజిల్' అనే మంద్రస్వరపు విజిల్‌కు అదే మొదలు. ఆ తర్వాత ఒక్కో విజిల్‌నూ విడిగా చెక్కి, ఊది చూసి, సరిచేసి అమ్మే పనివాళ్లు అనేక దేశాల్లో తయారయ్యారు.

లోహానికి నాదం ఉందా?

'ఇది ఇత్తడిది, మృదువుగా పలుకుతుంది', 'ఇది వెండిది, మెరుగైన నాదం' అని అమ్మేవారూ చెబుతారు, కొన్నవారూ చెబుతారు. ధర పెరగడానికి ఇదొక పెద్ద కారణం. దీని మీద భౌతికశాస్త్రజ్ఞుల పరీక్షలు జరిగాయి. అమెరికాకు చెందిన జాన్ కోల్ట్‌మన్ 1971లో వెండి, రాగి, కొయ్య గొట్టాలతో లోపలి కొలతలు ఒకేలా ఉండే ఫ్లూట్లు చేయించాడు. ఏది దేనితో చేసిందో తెలియకుండా ఊదించి వినిపిస్తే, విన్నవారు గానీ ఊదినవారు గానీ తేడా పట్టలేకపోయారు. 2001లో వియన్నా పరిశోధకులు వెండి, బంగారం, ప్లాటినం పూత వంటి వేర్వేరు లోహాల ఫ్లూట్లతో చేసిన పరీక్షలోనూ ఇదే తేలింది.

కారణం కష్టమైనదేమీ కాదు. వీణలో, తంబురలో కొయ్య కంపించి నాదాన్ని గాలికి అందిస్తుంది. విజిల్‌లో కంపించేది గొట్టం కాదు, గొట్టంలోని గాలి. గొట్టం ఆ గాలికి ఆకారం ఇచ్చే పాత్ర మాత్రమే. ఆకారం ఒకటే అయితే పాత్ర ఏ లోహానిదైనా గాలికి ఒకటే. ఫ్లూట్ వేరు, విజిల్ వేరు కదా అనవచ్చు. కానీ రెండింటిలోనూ గాలి పొర, అంచు, వాయుస్తంభం అనే సూత్రం ఒకటే.

మరి డబ్బు దేనికి?

లోహంలో లేని తేడా కొలతల్లో ఉంది. గాలిదారి ఎత్తు, కిటికీ పొడవు, అంచు పదును, అంచు గాలి పొరకు ఎదురుగా ఉన్న తీరు - వీటిలో మిల్లీమీటరులో పదో వంతు తేడా వచ్చినా పలుకు మారుతుంది. ఖరీదైన విజిల్‌లో మనం కొనేది ఈ పదో వంతునే. పనివాడు దాన్ని ఊది, గీకి, మళ్లీ ఊది సరిచేస్తాడు. చవక విజిల్ మూతిని అచ్చులో ప్లాస్టిక్ పోసి వేలకొద్దీ తీస్తారు. అచ్చు బాగున్నప్పుడు వచ్చినవి చక్కగా పలుకుతాయి. అచ్చు అరిగినప్పుడో, ప్లాస్టిక్ సరిగా నిండనప్పుడో వచ్చినవి నా విజిల్‌లా కీచుమంటాయి. కాబట్టి చవక విజిళ్లన్నీ చెడ్డవి కావు, అవన్నీ ఒకేలా ఉండవు. అధిక ధర ప్రధానంగా కొనేది నాణ్యతను కాదు, నమ్మకాన్ని.

రెండో తేడా శ్రుతి సవరణ. ఖరీదైన విజిళ్లలో చాలావాటికి మూతి దగ్గర జారే గొట్టం ఉంటుంది. బయటికి లాగితే శ్రుతి తగ్గుతుంది, లోపలికి తోస్తే పెరుగుతుంది. దీని అవసరం వాతావరణం వల్ల వస్తుంది. 15 డిగ్రీల వద్ద ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు, 35 డిగ్రీల వద్ద 352 మీటర్లు. ఈ తేడా మొత్తం విజిల్‌లో కనిపిస్తే శ్రుతి అర్ధస్వరంలో సగానికి పైగా పెరిగిపోతుంది. ఊపిరి వెచ్చదనం గొట్టంలో ఉంటుంది కనుక నిజంగా వచ్చే మార్పు ఇంతకంటే తక్కువే. అయినా హార్మోనియం, కీబోర్డు వంటి స్థిరశ్రుతి వాద్యాలతో కలిసి వాయించేటప్పుడు అది చెవికి తెలుస్తుంది. ఒంటరిగా, ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెతో సాధన చేసేవారికి ఈ ఇబ్బంది లేదు. విజిల్‌ను శ్రుతిపెట్టెకు కలపలేకపోతే శ్రుతిపెట్టెనే విజిల్‌కు కలుపుకోవచ్చు! 'డి' అంటే మన లెక్కలో రెండు శ్రుతి.

ఖరీదైనది ఎప్పుడూ తేలికగా పలుకుతుందనీ అనుకోకూడదు. కొన్ని ఎక్కువ ఊపిరిబలం కోరతాయి. వెడల్పైన గొట్టం కింది స్వరాలను నిండుగా పలికిస్తుంది గానీ పై స్వరాలకు బలంగా ఊదాలి. పెద్ద సభలో పనికొచ్చే అదే గట్టిదనం చిన్న గదిలో చెవులకు భారమవుతుంది.

కొనే ముందు అయిదు పరీక్షలు

ఒకటి: గాలిదారిని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. అది శుభ్రంగా, సమానంగా ఉండాలి. పీచు, గరుకు కనిపించకూడదు.

రెండు: ఆరు రంధ్రాలూ మూసి మెల్లగా ఊదండి. అడుగు స్వరం వణక్కుండా నిలవాలి.

మూడు: ఆపకుండా ఊపిరి బలం పెంచండి. తారస్థాయికి ఒక్క గంతులో, కీచు లేకుండా వెళ్లాలి.

నాలుగు: ఫోనులో శ్రుతి చూపే ట్యూనర్ పెట్టి రెండు స్థాయిలూ పోల్చండి. ఒక అర్ధస్వరాన్ని 100 సెంట్లుగా లెక్కిస్తారు. రెండింటికీ మధ్య తేడా 10 సెంట్ల లోపు ఉంటే చాలా మంచిది. 30 దాటితే వదిలేయండి.

అయిదు: మూతి వైపు నుంచి రెండో, మూడో రంధ్రాలు మాత్రమే మూసి ఊదండి. కైశికి నిషాదం రావాలి. ఇది సరిగా పలికితే శంకరాభరణంతోపాటు హరికాంభోజి కూడా మీ చేతికి వచ్చినట్టే.

ఎంచుకునే వీలుంటే ఒకే రకం చవక విజిళ్లు నాలుగైదు ఊది చూసి ఒకటి తీసుకోండి. పోస్టులో తెప్పించుకునేవారు రెండు మూడు కొన్నా, ఖరీదైన దాని ధరలో అది చిన్న భాగమే.

ఇంట్లో చేసుకోదగ్గ మరమ్మతులు

ప్లాస్టిక్ మూతి గట్టిగా అతుక్కుని ఉంటే కాసేపు వేడి నీళ్లలో ముంచి మెల్లగా తిప్పండి. చాలాసార్లు జిగురు వదులుతుంది. ఇక అది కూడా శ్రుతి సవరించుకునే గొట్టమే. మూతి లోపల గాలిదారి కింద ఖాళీ ఉంటే, గోడకు కాగితాలు అతికించే మెత్తని జిగురు ముద్దతో దాన్ని నింపితే పై స్వరాలు చాలాసార్లు నిలకడపడతాయి. ఊదుతుండగా తేమ చేరి స్వరం మూగబోతే, కిటికీని వేలితో మూసి బలంగా ఊది తుంపర వదిలించండి. నీళ్లలో కలిపిన ఒక చుక్క సబ్బును గాలిదారిలో వేసి ఆరనిస్తే తేమ బొట్లుగా నిలవదు. అంచును మాత్రం కత్తితో గీకవద్దు. ఒక్కసారి పోయిన పదును తిరిగి రాదు. ఇంకొక హెచ్చరిక: చాలా పాత విజిళ్లలో కొన్నింటికి సీసపు దిమ్మెలు ఉండేవి. అటువంటివి అలంకరణకే ఉంచండి, నోట పెట్టుకోవద్దు, పిల్లలకు ఇవ్వవద్దు.

ఏది కొనాలి?

నేర్చుకునేవారికి నా సలహా: పరీక్షించి ఎంచుకున్న చవక విజిల్‌తో మొదలుపెట్టండి. ఏడాది వాయించాక మీ చేతికి, మీ ఊపిరికి ఏం కావాలో మీకే తెలుస్తుంది. నలుగురితో కలిసి కచేరీ చేయాల్సి వస్తేనో, మీరు కోరే పలుకు చవకదానిలో దొరకకపోతేనో అప్పుడు పెద్ద ధర పెట్టవచ్చు. ముందే పెడితే దేనికి పెట్టామో కూడా తెలియదు.

ఒక్క మాట మరచిపోకండి. ఇంట్లో పిల్లవాడు విజిల్ ఊదుతూ 'నాకు రావడం లేదు' అంటే, వాడికి రాదని తేల్చేముందు ఆ విజిల్‌ను తెచ్చి ఒకసారి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. నా విజిల్‌లోని ఆ పీచును నా మిత్రుడు ఒక పలచని కాగితం ముక్కతో తీసేశాడు. అందుకు అర నిమిషం పట్టింది. ఆ విజిల్‌నే నేను నేటికీ వాయిస్తున్నాను.