పాలు మాన్పించిన పందిపిల్లల పేగు ఆరోగ్యం: పీచు, ఎంజైముల పాత్ర
(జక్రాన్‌పల్లి ప్రాంత మేత వనరుల నేపథ్యంలో)

ప్రస్తావన

పందిపిల్ల జీవితంలో తల్లిపాలు మాన్పించిన తొలి వారం అత్యంత క్లిష్టమైనది. పాలకు అలవాటుపడిన పేగు ఒక్కసారిగా గింజల పిండిని జీర్ణించుకోవలసి వస్తుంది. మేత తినడం తగ్గి, చిన్నపేగు లోపలి చూషకాలు కురచబారుతాయి. జీర్ణం కాని మాంసకృత్తులు పెద్దపేగులో కుళ్లి అమోనియా, అమైన్లు ఏర్పడతాయి. ఎషరీషియా కోలై బాక్టీరియా విజృంభించి విరేచనాలు మొదలవుతాయి. పందుల పెంపకం సంప్రదాయ జీవనాధారమైన ఎరుకల కుటుంబాలకు ఒక్క ఈతలోని పిల్లలు పోవడం కూడా పెద్ద నష్టమే.

దీనికి దీర్ఘకాలం యాంటీబయాటిక్‌లే పరిష్కారమయ్యాయి. పెరుగుదల కోసం వాటిని మేతలో కలపడాన్ని ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుండి నిషేధించింది. ఆహారోత్పత్తి జంతువులలో కొలిస్టిన్ వాడకాన్ని భారత ప్రభుత్వం 2019 జులైలో నిషేధించింది. అందువల్ల పీచు, ఎంజైముల వైపు దృష్టి మళ్లింది.

పీచు రకాలు

కరగని పీచు మేతను పేగులో త్వరగా ముందుకు నడిపిస్తుంది; హానికర బాక్టీరియా పేగుగోడను అంటిపెట్టుకునే వ్యవధి తగ్గుతుంది. పులిసే గుణం గల కరిగే పీచు నుండి బ్యుటిరేట్ వంటి ఆమ్లాలు ఏర్పడి పెద్దపేగు కణాలకు శక్తినిస్తాయి. అయితే జిగురుగా ఉండే కరిగే పీచు మితిమీరితే జీర్ణక్రియ మందగించి, విరేచనాలు పెరిగే అవకాశముంది.

స్థానిక మేత, తగిన ఎంజైము

గోధుమ, బార్లీ మేతలలోని జిగురును తగ్గించడం ద్వారానే జైలనేజ్, బీటా గ్లూకనేజ్‌లు ప్రసిద్ధికెక్కాయి. నిజామాబాదు జిల్లాలో పరిస్థితి వేరు. ఆర్మూరు, జక్రాన్‌పల్లి ప్రాంతంలో పసుపులో అంతరపంటగా మొక్కజొన్న వేస్తారు. జిల్లాలో సోయా, వరి కూడా విస్తారంగా పండుతాయి. కాబట్టి ఇక్కడ సహజంగా లభించే మేత దినుసులు మొక్కజొన్న, సోయా చెక్క, తవుడు.

మొక్కజొన్నలోని అరబినోజైలాన్ చాలావరకు కరగనిది, దట్టమైన శాఖలు గలది. దానిపై జైలనేజ్ ప్రభావం పరిమితం. తవుడులోని భాస్వరంలో అధిక భాగం ఫైటేట్ రూపంలో ఉంటుంది. అది జింకు, కాల్షియంలను కూడా బంధిస్తుంది. కనుక ఇక్కడ ప్రథమ ప్రాధాన్యం ఫైటేజ్‌కు దక్కాలి. సోయాలోని రాఫినోజ్, స్టాకియోజ్‌లకు ఆల్ఫా గెలాక్టోసిడేజ్, మానన్‌లకు బీటా మాననేజ్ తగినవి. పచ్చి సోయాలోని ట్రిప్సిన్ నిరోధకాలను మాత్రం వేడిచేసే తొలగించాలి. పై ఎంజైములేవీ ఆ పని చేయవు.

తవుడు కరగని పీచుకు చౌకైన వనరు. కానీ అందులోని లైపేజ్ వల్ల త్వరగా ముక్కిపోతుంది. తాజా తవుడు గాని, నూనె తీసిన తవుడు గాని మితంగా వాడాలి. ఆవిరితో గుళికల మేత తయారుచేసేటప్పుడు రక్షణ పూత లేని ఎంజైములు వేడికి చర్యను కోల్పోవచ్చు. పొడి మేతలో ఈ ఇబ్బంది లేదు.

ముగింపు

ఐరోపాలో సాధారణంగా 3–4 వారాలకే పాలు మాన్పిస్తారు. మన చిన్న పెంపకందారులు ఎక్కువగా 6–8 వారాలకు మాన్పిస్తారు. అప్పటికి పేగు మరింత పరిణతి చెందుతుంది. కనుక అక్కడి ఫలితాలను యథాతథంగా స్వీకరించరాదు. తిరుపతి, కోరుట్ల వంటి చోట్ల గల పశువైద్య విద్యాసంస్థలలో చేపట్టే పరిశోధనలు కరిగే, కరగని పీచుల పరిమాణాన్ని, ఎంజైము చర్యా ప్రమాణాన్ని, పాలు మాన్పించిన వయసును విడివిడిగా నమోదు చేయాలి. మేతలో ఉన్న పదార్థాన్ని బట్టి ఎంజైమును ఎంచుకోవడమే శాస్త్రీయం.