సోఫాకు తలంటు

పండగనాడు తెల్లవారుజామున అమ్మ మీకు తలంటు పోస్తుంది గదా! నూనె పట్టించి, నలుగు పెట్టి, కుంకుడు రసంతో రుద్దుతుంది. ఆ రసం కంట్లో పడితే మీరు ఇల్లెగిరిపోయేటట్టు కేకలు పెడతారు. ఆ తలంటే మీ ఇంట్లో సోఫాకు కూడా పోయవచ్చునని మీకు తెలుసా?

రంగారెడ్డి జిల్లాలో, శంకరపల్లికి దగ్గర, కొండకల్ అనే వూరున్నది. 2023లో అక్కడ రైలుపెట్టెలు చేసే కర్మాగారం ప్రారంభమయింది. అటువంటి పల్లెలలో పూర్వం చుట్టం వస్తే నులకమంచం వాల్చేవారు. అది మురికైతే నాలుగు చెంబుల నీళ్లు కుమ్మరించి, ఎండలో నిలబెడితే సరిపోయేది. ఇప్పుడు పల్లె ఇళ్లలో కూడా సోఫాలు వచ్చాయి. వాటితోబాటే ఒక చిక్కూ వచ్చింది. సోఫాను చాకిరేవుకు మోసుకుపోలేము. నీళ్లు కుమ్మరించనూ లేము. లోపలి స్పంజీ, దూదీ, కొబ్బరిపీచూ నీటిని పీల్చుకుని త్వరగా ఆరవు. ఆరకపోతే బూజు పడుతుంది, ముక్కవాసన వేస్తుంది.

ఇప్పుడు ఒక సంగతి వూహించుకోండి. మీ చేతిలోని పప్పు గిన్నె జారి, నాన్న డబ్బు కూడబెట్టి కొన్న సోఫా మీద పడింది! అమ్మ పెరట్లో వున్నది. మీరేం చేస్తారు? తడిగుడ్డ తెచ్చి బరబరా రుద్దుతారు. మరక పోకపోతే దాని మీద దిండు పెట్టి, ఏమీ ఎరగనట్టు కూచుంటారు. అవునా? ఆ రెండూ పొరపాట్లే. రుద్దితే మరక నేతలోకి దిగి, నాలుగు వైపులా పాకుతుంది. దాస్తే ఎండి, దారాన్ని పట్టుకుంటుంది. ముందు చెంచాతో పప్పును పైకి తీసెయ్యండి. తరవాత పొడిగుడ్డతో అద్దండి. వెంటనే వెళ్లి అమ్మతో చెప్పండి. తిట్లు ఒక్కపూటలో పోతాయి. పాత మరక పోదు.

ఇక తలంటు. నాలుగైదు కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, తొక్కులను గ్లాసుడు వేడినీళ్లలో నానవెయ్యాలి. చల్లారాక పిసికి, గుడ్డలో వడకట్టి, కవ్వంతో చిలకాలి. తెల్లని నురుగు వస్తుంది. ఆ నురుగును మాత్రమే గుడ్డకు తీసుకుని మరక మీద అద్దాలి. అడుగున వున్న నీరు సోఫాకు తగలనివ్వకూడదు. తరవాత బాగా పిండిన తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో అద్ది, ఫంకా కింద ఆరబెట్టాలి.

అయితే కుంకుడు రసానికి గోధుమరంగు వున్నది. తెల్లని బట్టకు ఆ ఛాయ అంటవచ్చు. అందుచేత ముందు సోఫా వెనక, ఎవరికీ కనబడని మూల, రవంత రాసి చూడాలి. పట్టుకూ, మఖమలుకూ, తోలుకూ ఈ తలంటు పనికిరాదు.

కుంకుడుకు ఈ శక్తి ఎక్కడిది? దాని తొక్కులో సాపోనిన్ అనే పదార్థం వున్నది. దాని అణువుకు ఒక కొస నూనెను పట్టుకుంటుంది, రెండో కొస నీటిని పట్టుకుంటుంది. నూనెకూ నీటికీ పొత్తు కుదరదు గదా. సాపోనిన్ మధ్యవర్తిగా నిలిచి, జిడ్డును బట్ట నుంచి లాగి నీటికి అప్పగిస్తుంది. శాస్త్రజ్ఞులు ఈ చెట్టుకు సాపిండస్ అని పేరు పెట్టారు. లాటిన్ భాషలో దాని అర్థం ఇండియా సబ్బు!

జిడ్డు పోయినా పసుపు మిగులుతుంది. దాన్ని మామూలు సబ్బుతో రుద్దితే ఒక తమాషా జరుగుతుంది. పసుపునీళ్లలో సున్నం కలిపితే ఎర్రనీళ్లు అవుతాయి గదా, అట్లాగే మరక ఎర్రబారుతుంది. సున్నమూ, సబ్బూ క్షారాలు కావడమే అందుకు కారణం. కుంకుడు రసం క్షారం కాదు, కనక ఎరుపెక్కదు. పాత గుడ్డపీలిక మీద మీరే చేసి చూడండి. మిగిలిన పసుపును వెలతురు విరగ్గొడుతుంది. దిండు గలీబులాంటి దాన్నయితే ఎండలో ఆరవేస్తే మరక క్రమంగా వెలిసిపోతుంది.

సోఫా పుల్లవాసన వేస్తుంటే దాని మీద పొడిగా తినేసోడా చల్లి, రెండు గంటలాగి బ్రష్షుతో దులపాలి. పుల్లవాసనలు చాలావరకు ఆమ్లాలవి. సోడా క్షారం కనక వాటిని అణుస్తుంది. కొందరు సోడాలో నిమ్మరసం పిండి, బుసబుసా పొంగగానే మహా బలమైన మందు తయారయిందనుకుంటారు. ఆ పొంగు బొగ్గుపులుసు వాయువు మాత్రమే. ఆమ్లమూ, క్షారమూ పోట్లాడుకుని రెండూ నీరసపడతాయి. బ్లీచింగు పొడిలో నిమ్మరసంగాని, వెనిగరుగాని ఎన్నడూ కలపకండి. విషవాయువైన క్లోరిన్ పుడుతుంది!

కంటికి కనబడే మరక ఒక్కటే శత్రువు కాదు. సోఫాలోనూ, పరుపులోనూ మిల్లీమీటరులో మూడోవంతైనా లేని పురుగులు కాపరముంటాయి. మన ఒంటి నుంచి రాలే పొట్టే వాటికి ఆహారం. ఇంటి దుమ్ము కొందరికి ఆయాసం తెప్పించడానికి ముఖ్య కారణం ఈ పురుగులేనని 1960ల్లో హాలెండు శాస్త్రజ్ఞులు కనుక్కున్నారు. అవి తేమ లేనిదే బతకలేవు. మన పెద్దలు బూరుగుదూది పరుపులను ఎండలో వేసి, కర్రతో దులపడం ఎంత తెలివైన పనో చూశారా?

మీ ఇంట్లో తాతయ్యగాని, చెల్లాయిగాని పొద్దున్నే తుమ్ముతుంటే, ఈ ఆదివారం సోఫా దిండ్లను ఆరుబయటికి మోయండి. ముక్కుకు గుడ్డ కట్టుకుని దులపండి. తుమ్మేవాళ్లను దూరంగా కూచోబెట్టండి. సోఫాకు తలంటు పోస్తే ఒక సుఖమున్నది: అది మీలాగా కేకలు పెట్టదు!