చేప పొట్ట ఉబ్బితే ముందు పైనుంచి చూడండి

తొట్టిలో ఒక చేప పొట్ట ఉబ్బిందంటే చాలు, ఇంట్లో తలా ఒక మాట అంటారు. "ఎక్కువ తిన్నది" అని ఒకరు, "కడుపుతో ఉంది" అని ఒకరు, "జబ్బు, తీసి పారేయండి" అని ఇంకొకరు. మూడింటిలో ఏదైనా నిజం కావచ్చు. కానీ ఒక్కోదానికి చేయాల్సిన పని వేరు. కొళత్తూరు అంగడి నుంచి కవర్లో తెచ్చుకున్న చేపకు డాక్టరు దొరకడం కష్టం కనుక, మనమే కాస్త ఓపిగ్గా చూడాలి. మందు సంగతి ఆ తర్వాత.

మొదట, అది నిజంగా ఉబ్బేనా? ఒరాండా, ర్యూకిన్ వంటి గోల్డ్‌ఫిష్ రకాల ఆకారమే గుండ్రం. మొన్నటికీ ఇవాళ్టికీ తేడా కనిపిస్తేనే ఆలోచించాలి.

తర్వాత తొట్టి మూత తీసి పైనుంచి చూడండి. పొలుసులు ఒంటికి అంటుకొని నున్నగా ఉంటే సగం భయం తీరినట్టే. సీతాఫలం తొక్కలా లేచి నిలబడితే మాత్రం జలోదరం. జల, ఉదరం కలిస్తే గుణసంధి అని తరగతిలో చెప్పుకుంటామే, ఇక్కడ ఆ మాట అక్షరాలా నిజం. మంచినీటి చేప ఒంట్లో ఉప్పు చుట్టూ ఉన్న నీటిలో కన్నా ఎక్కువ. అందువల్ల మొప్పల గుండా నీరు ఎప్పుడూ లోపలికి వస్తూనే ఉంటుంది. మూత్రపిండాలు దాన్ని తోడి బయట పోస్తూనే ఉంటాయి. ఆ పని ఆగితే నీరు ఒంట్లోనే నిలిచి, పొలుసులను లోపలి నుంచి నెడుతుంది. తరచుగా దీని వెనక బాక్టీరియా, దానికి ముందు మురికి నీరు ఉంటాయి. ఈ దశకు వచ్చాక బతికే చేపలు తక్కువ. వెంటనే వేరే తొట్టిలో పెట్టండి.

పొలుసులు మామూలుగా ఉండి, చేప చురుగ్గా తిరుగుతూ, రెట్ట మాత్రం ఆగిపోతే అది మలబద్ధకం కావచ్చు. గోల్డ్‌ఫిష్‌కి మనలాగా జీర్ణాశయం ఉండదు, మేత నేరుగా పేగులోకే పోతుంది. నిండిన పేగు గాలితిత్తిని నొక్కితే చేప పక్కకు ఒరుగుతుంది కూడా. రెండు రోజులు మేత ఆపండి. తర్వాత ఉడికించి తొక్క తీసిన బఠాణీ పలుకు నలిపి వేయండి. ఫైటర్ చేప మాంసాహారి కనుక దానికి బఠాణీ వద్దు, పస్తు చాలు.

గప్పీ, మోలీ అయితే గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. పొట్ట వెనక భాగంలో నల్లటి మచ్చ ముదురుతూ వస్తే కాన్పు దగ్గరపడిందేమో చూసుకోండి. తొట్టిలో మగచేప లేదు కదా అనుకోకండి, ఒకసారి కలిసిన ఆడచేప నెలల తర్వాత కూడా పిల్లల్ని కనగలదు. పొట్ట ఒకవైపే ఉబ్బితే లోపల గడ్డ ఉండొచ్చు.

కారణం ఏదైనా నీటిని చూసుకోవాలి. చేప మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. ఆ విషాన్ని విరిచే బాక్టీరియా ఫిల్టర్లోనూ అడుగున గులకరాళ్ళ మీదా ఉంటుంది. అందుకే కంగారుపడి మొత్తం నీరు పారబోసి, అన్నీ కుళాయి కింద కడగకండి. క్లోరిన్ తీసిన నీటితో పావు వంతు మార్చండి. ఎందుకైనా మంచిదని యాంటీబయాటిక్ పొడి వేస్తే ఈ మంచి బాక్టీరియా కూడా చావొచ్చు. కడుపుతో ఉన్న చేపకీ, ఎక్కువ తిన్న చేపకీ దానితో ఒరిగేదేమీ లేదు.

ఇంకో మాట. సెలవులకు ఊరెళ్తూ "పాపం, ఆకలేస్తుంది" అని గుప్పెడు మేత వేసి వెళ్ళకండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప నాలుగు రోజులు పస్తు ఉండగలదు. మేత కుళ్ళిన నీటిలో మాత్రం ఉండలేదు.